వీధి చివరి చెత్తకుప్పను కాలనీ అంతా కలిసి తొలగించడం ఎలా?

ఖాళీ ప్లాటులోనో, నాలా గట్టు మీదనో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తకుప్పను ఒక ఆదివారం ఉదయం నలభై మంది కలిసి ఎత్తివేయడం కష్టమైన పని కాదు. ఎత్తిన చోట మళ్లీ కుప్ప లేవకుండా చూడడమే కష్టం. మా కాలనీలో మొదటిసారి ఈ పని తలపెట్టినప్పుడు పారలు, తట్టలు, గ్లౌజులు, బ్యానరు అన్నీ సమకూర్చుకున్నాం గాని, ఆ చెత్తను ఎవరు, ఏ వేళలో, ఎందుకు వేస్తున్నారో ఒక్కరోజు కూడా నిలబడి చూడలేదు. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి అదే స్థలంలో రెండు ట్రాక్టర్ల ఇటుకముక్కలు పోసి ఉన్నాయి, నెల తిరిగేలోగా కుప్ప యథాస్థితికి వచ్చింది. రెండోసారి ముందు ఆ ఆరా తీశాం, తర్వాతే పార పట్టుకున్నాం. ఆ రెండో ప్రయత్నం నేర్పిన క్రమమే ఇక్కడ రాస్తున్నాను. ఇది ప్రధానంగా హైదరాబాదు అనుభవం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పద్ధతి ఎక్కడ మారుతుందో అక్కడ ఆ విషయం చెబుతాను.

మొదటి మెట్టు: రెండు వారాలు కుప్పను గమనించండి

కనీసం పద్నాలుగు రోజులు, ఉదయం 5 నుంచి 8 వరకు, రాత్రి 9 నుంచి 11.30 వరకు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, ఎవరితోనూ గొడవ పడకుండా, ఏ వేళకు ఏ రకం చెత్త ఏ బండి మీద వస్తున్నదో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ట్రాక్టరు వస్తే దాని నంబరు రాయండి, వీలైతే దూరం నుంచి ఫోటో తీయండి. రాత్రివేళ లోడుతో వచ్చిన డ్రైవరును ఒంటరిగా అడ్డుకోవడం ప్రమాదం, అది చేయకండి.

చెత్తను బట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చిన్న క్యారీబ్యాగుల్లో ముడివేసిన వంటింటి చెత్త ఎక్కువగా ఉంటే అది చుట్టుపక్కల ఇళ్లదే. చెత్త ఆటో తొమ్మిదిన్నరకు వచ్చే వీధిలో ఎనిమిదింటికే ఉద్యోగానికి బయలుదేరేవారు, హాస్టళ్లలో ఉండేవారు, ఆటో తిరగలేని సందులో అద్దెకుండేవారు దారిలో కనబడిన కుప్ప మీద సంచిని వదిలేసి పోతారు. పగిలిన టైల్సు, సిమెంటు పెచ్చులు, ఇటుకముక్కలు ఉంటే ఎక్కడో పాత ఇల్లు పగలగొడుతున్నారని, ఆ మేస్త్రీ ట్రాక్టరు అతనికి కిరాయి ఇచ్చి ఎక్కడ పోస్తాడో అడగకుండా పంపేశాడని అర్థం. కోడి ఈకలూ పేగులూ మాంసం దుకాణాన్ని, కొబ్బరి బొండాల డొప్పలు బండి వ్యాపారిని, విస్తళ్లు, థర్మకోల్ ప్లేట్లు ఫంక్షన్ హాలును లేదా క్యాటరింగ్ వారిని చూపిస్తాయి.

నేను చూసిన చోట్లన్నిటిలో కుప్పకు పునాది కట్టడ వ్యర్థమే. మొదట ఒక ట్రాక్టరు ఇటుకముక్కలు పడతాయి, ఆ చోటు ఎవరికీ పట్టనిదని దారినపోయేవారికి అర్థమవుతుంది, ఆ తర్వాతే వంటింటి సంచులు మొదలవుతాయి. అందువల్ల పది సంచులు వేసే పదిమందిని పట్టుకోవడం కన్నా ఆ ఒక్క ట్రాక్టరును ఆపడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్రాంతాల్లో కట్టడ వ్యర్థాలను పిండి చేసి కంకరగా, ఇసుకగా, పేవర్ టైల్సుగా మార్చే కేంద్రాలు ఉన్నాయి. కార్పొరేషనుకు ఫోను చేసి రుసుము కడితే ఇంటి దగ్గరికే బండి పంపుతారన్న సంగతి ఇల్లు బాగుచేయించుకునే చాలామందికి తెలియదు. మీ చుట్టూ పని జరుగుతున్న ప్రతి ఇంటికీ వెళ్లి ఈ మాట చెప్పండి.

కుప్పలో చిరునామాతో ఉన్న కొరియర్ కవర్లు, బిల్లులు దొరుకుతాయి. వాటిని ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఆ కవరు పనిమనిషి చేతి మీదుగానో, చెత్త ఏరుకునేవారి సంచిలోంచో అక్కడికి చేరి ఉండవచ్చు. ఆ ఇంటివారితో విడిగా మాట్లాడండి, మాట వినకపోతే ఆధారాన్ని శానిటరీ సిబ్బందికి అప్పగించండి.

గమనింపు పూర్తయ్యాక, శుభ్రం చేసే రోజుకు ముందే ఒక్కొక్క మూలాన్నీ వేరుగా పరిష్కరించాలి. ఆటో వేళ సరిపోకపోతే ఆటో నడిపే వ్యక్తితోను, సూపర్‌వైజరుతోను కూర్చుని ఉదయం 7 గంటలకు మార్పించండి. అది కుదరకపోతే ముందుగా వెళ్లిపోయేవారి బుట్టలను ఏ ఇంటి గేటులోపల ఉంచాలో నిర్ణయించండి. హాస్టలు యజమానిని, మాంసం దుకాణదారును పదిమంది ముందు నిలదీయకుండా, ఇద్దరు పెద్దవారు వెళ్లి మర్యాదగా అడిగితే సాధారణంగా దారికి వస్తారు.

రెండో మెట్టు: ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి

ఇతరుల స్థలంలోకి అనుమతి లేకుండా జేసీబీ దించితే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, కేసు అవుతుంది. ప్రైవేటు ప్లాటు అయితే సర్వే నంబరు, ప్లాటు నంబరు ఆధారంగా రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఈసీ, అంటే ఆ స్థలం లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీస్తే చివరి కొనుగోలుదారు పేరు తెలుస్తుంది. హైదరాబాదు శివారు లేఅవుట్లలో చాలా ప్లాట్ల యజమానులు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. వారి బంధువులో, లేఅవుట్ సంఘంలో పాతవారో ఎవరో ఒకరి దగ్గర ఫోను నంబరు ఉంటుంది. శుభ్రం చేయడానికి అనుమతిస్తున్నామని, తర్వాత కంచె వేయిస్తామని వారిచేత ఒక ఈమెయిలు రాయించుకోండి. వారి ప్లాటుపై ఆక్రమణ భయం వారికి ఎప్పుడూ ఉంటుంది గనుక, కాలనీవారు కాపలాగా ఉంటారంటే సంతోషంగానే ఒప్పుకుంటారు.

ప్రభుత్వ స్థలమైతే తహసీల్దారు కార్యాలయానికి, నాలా అయితే కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానికి ముందుగా తెలపాలి. రైల్వే స్థలంలోకి వారి అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. చెరువు ఒడ్డు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, పరిధిలో పడిన ఇటుకముక్కలను 'చదును' చేస్తే చెరువును పూడ్చినట్టే అవుతుంది, ఆక్రమించదలచినవారికి అంతకన్నా మేలు మరొకటి ఉండదు. అక్కడ పడినదంతా బయటికి తరలించవలసిందే తప్ప ఒక్క తట్టెడు మట్టి కూడా కొత్తగా పోయకూడదు. చెరువుల్లో ట్రాక్టర్లతో మట్టి పోస్తుండగా చూస్తే, చెరువులను, ప్రభుత్వ స్థలాలను కాపాడడానికి 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

మూడో మెట్టు: కార్పొరేషనును కలుపుకోండి

చెత్త తొలగించడం మునిసిపాలిటీ బాధ్యత. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు పారిశుద్ధ్యాన్ని, ఘన వ్యర్థాల నిర్వహణను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించే అంశాల్లో చేర్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లో సుప్రీంకోర్టు, నిధులు లేవన్న సాకుతో మునిసిపాలిటీ ఈ బాధ్యత నుంచి తప్పించుకోజాలదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. ఈ విషయం ఎందుకు చెబుతున్నానంటే, మన శ్రమదానాన్ని చూసి 'కాలనీవారే చేసుకుంటారు' అన్న అభిప్రాయం కార్యాలయంలో స్థిరపడకూడదు. మనం ఒకసారి చేయి కలుపుతున్నాం, రోజువారీ పని వారిదేనని మొదటి ఉత్తరంలోనే మర్యాదగా రాయాలి.

ఆ ఉత్తరంలో స్థలం గుర్తులు, కుప్ప కొలత, నాలుగు ఫోటోలు, తేదీ, మీరు కోరుతున్న సహాయం ఉండాలి. 'సహకరించగలరు' అని ఊరుకోకుండా, ఎన్ని ట్రిప్పుల బండి, ఎన్ని గంటల జేసీబీ, ఎన్ని కిలోల సున్నం, బ్లీచింగ్ పౌడరు కావాలో అంకెలతో రాయండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకదాని మీద స్వీకరించినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. హైదరాబాదు కార్పొరేషన్ అయిన జీహెచ్‌ఎంసీ పరిధిలో వీధి స్థాయిలో పని చూసేది శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్, సర్కిల్ స్థాయిలో ఏఎంఓహెచ్ అని పిలిచే వైద్యాధికారి. 040-21111111 నంబరుకు గాని, మొబైల్ యాప్ ద్వారా గాని ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరును కూడా ఉత్తరంలో వేయండి. వారి భాషలో ఇలాంటి స్థలాన్ని జీవీపీ, అంటే గార్బేజ్ వల్నరబుల్ పాయింట్ అంటారు. మీ చోటు వారి జీవీపీ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. ఉంటే, దాన్ని జాబితా నుంచి తీసివేయడం వారికీ అవసరమే గనుక పని త్వరగా అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలోని శానిటేషన్ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టాలి. 2025 జనవరి నుంచి అక్కడ ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది గనుక, అదే రోజును ఎంచుకుంటే సిబ్బందీ బండ్లూ దొరకడం తేలిక.

నాలుగో మెట్టు: కొలిచి, బండ్లు మాట్లాడండి

ఎత్తిన చెత్తను తీసుకుపోయే బండి ఖాయం కాకుండా తేదీ ప్రకటించకండి. సంచులకెత్తి రోడ్డు పక్కన పేర్చి, బండి రాక, కుక్కలు సంచులు చింపేసి, మూడు రోజుల తర్వాత ముందుకన్నా ఎక్కువ మేర చెత్త పరుచుకున్న చోట్లు చూశాను.

కొలత సులువు. ఇసుక లెక్కలో మనవారు వంద ఘనపుటడుగులను ఒక యూనిట్ అంటారు, ఇక్కడా అదే లెక్క వాడండి. కుప్ప 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే 900 ఘనపుటడుగులు, అంటే 9 యూనిట్లు. ఎత్తును కుప్ప నడిమధ్య కాకుండా నాలుగైదు చోట్ల కర్రతో చూసి సగటు తీయాలి. కదిలించిన చెత్త పొంగుతుంది గనుక మరో పావు వంతు కలిపితే 11 యూనిట్లు అవుతుంది. ట్రాక్టరు ట్రాలీలో సుమారు ఒక యూనిట్ పడుతుందనుకుంటే పదకొండు ట్రిప్పులు. చిన్న బండ్ల చెత్తను పెద్ద బండ్లకు మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషనుకు పోయి రావడానికి గంట పడితే, నాలుగు గంటల పనిలో ఒక ట్రాక్టరు నాలుగుసార్లే తిరుగుతుంది, కాబట్టి మూడు ట్రాక్టర్లు కావాలి, లేదా ఒక పెద్ద టిప్పరు తోడుండాలి. మోయడానికి వచ్చినవారిలో ఒక్కొక్కరు మూడు గంటల్లో ఇరవై ఘనపుటడుగులకు మించి ఎత్తలేరు. ఇరవైమంది మోస్తే నాలుగు యూనిట్లు అయినట్టే. మిగిలినది జేసీబీకి వదిలేయండి.

తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. ఏళ్ల నాటి కుప్పలో అది పూర్తిగా సాధ్యం కాదు. ఇటుకముక్కలను మాత్రం తప్పనిసరిగా విడిగా ఎత్తించండి. అవి వెళ్లవలసిన చోటు వేరు, కలిపి పంపితే రెండు చోట్లా తిప్పి పంపుతారు. అట్టలు, ఇనుము, సీసాల విషయంలో నా సలహా ఒకటే. రోజూ ఆ కుప్ప మీద ఏరుకుని బతికే మనుషులు ఉంటారు, వారికి రెండు రోజుల ముందే చెప్పి, పనికొచ్చేవి తీసుకోనివ్వండి. కుప్ప పోతే వారి రాబడి పోతుంది, ఇకమీదట మీ ఇళ్ల పొడిచెత్తను నేరుగా వారికే ఇచ్చే ఏర్పాటు చేస్తే వారే ఆ చోటుకు నమ్మకమైన కాపలా అవుతారు.

ఐదో మెట్టు: రోజు, మనుషులు, సామగ్రి

తొలకరికి ముందు, ఏప్రిల్ లేదా మే నెలలో, ఉదయం 6 నుంచి 10 వరకు చేయడం మంచిది. వాన పడ్డాక చెత్త బరువు పెరుగుతుంది, పిచ్చిమొక్కలు లేచి కింద ఏముందో కనబడదు, టైర్లలో, బొండాల డొప్పల్లో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ అప్పటికే గుడ్లు పెట్టి ఉంటుంది. ఆ గుడ్లు నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి.

నలభై మందికి పన్నెండు పారలు, ఇరవై ఇనుప తట్టలు, ఆరు దంతెలు, రెండు గడ్డపారలు, గట్టి గోనెసంచులు, పొడవాటి పటకార్లు నాలుగు, మూతబిగించే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు రెండు, సబ్బులు, నీళ్ల డ్రమ్ము, ప్రథమచికిత్స పెట్టె సరిపోతాయి. గ్లౌజులు పలుచని సర్జికల్‌వి కాకుండా కూలీలు వాడే మందపాటి రబ్బరువి కొనండి. చెప్పులతో వచ్చినవారిని కుప్ప మీదకు పంపకండి, వారికి మంచినీళ్లు, పేర్ల నమోదు, ట్రాఫిక్ పని అప్పగించండి. పదహారేళ్లలోపు పిల్లలను కుప్ప దగ్గరికి రానివ్వకూడదు. గోడకు సున్నం వేయడానికి, తర్వాత మొక్కలు నాటడానికి వారు వస్తే చాలు. టీషర్టులు, జెండా, ముఖ్య అతిథి ఏవీ అవసరం లేదు. అతిథి కోసం గంట ఆగితే ఎండ ఎక్కుతుంది, ట్రాక్టరు ఒక ట్రిప్పు తగ్గుతుంది.

ఆరో మెట్టు: ప్రమాదాలు

ఈ భాగాన్ని ఆ రోజు ఉదయం అందరికీ బిగ్గరగా చదివి వినిపించండి.

కుప్ప కదిలించే ముందు పొడవాటి కర్రతో చుట్టూ కొట్టి పది నిమిషాలు ఆగండి. ఎలుకలున్న చోట నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉండవచ్చు. కనిపిస్తే చంపకుండా, పట్టుకోబోకుండా, పని ఆపి దూరం జరిగి, పాములు పట్టేవారిని పిలవండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ సభ్యులు ఈ సేవ చేస్తారు. కాటు వేస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం చేయకుండా, కాలు కదపనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో ముందే రాసి పెట్టుకోండి.

సిరంజీలు, సెలైన్ సీసాలు బయటపడితే చేత్తో ముట్టకుండా, పటకారుతో తీసి మూతడబ్బాలో వేసి శానిటరీ అధికారికి అప్పగించండి. అవి వైద్య వ్యర్థాల నియమాల కిందకి వస్తాయి, మామూలు బండిలో వేయకూడదు. సూది గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలు దాటితే పనికిరావు, మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మరీ మంచిది. ధనుర్వాతం టీకా సంగతి కూడా డాక్టరును అడగండి.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని విరగ్గొట్టకుండా, నీళ్లు చల్లి తడిపి, ఉన్నవి ఉన్నట్టు ఎత్తాలి. ఎలుకల మూత్రం కలిసిన బురద వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది గనుక కాలికి పుండు ఉన్నవారు బురదలో దిగకూడదు. పని తర్వాత నెల రోజుల లోపు ఎవరికైనా జ్వరం వస్తే ఈ పని చేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి. నాలాలోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎవరూ దిగకూడదు, ఎవరినీ డబ్బులిచ్చి దించకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దించి పని చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నేరంగా పరిగణిస్తుంది, అంతకన్నా ముఖ్యంగా అందులోని వాయువుకు క్షణంలో ప్రాణం పోతుంది.

ఎండిన కొమ్మలు, కాగితాలు చూసి 'అగ్గిపుల్ల వేస్తే సరిపోతుంది' అనేవారు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, మామూలుగా కాల్చితే రూ.5,000, పెద్దమొత్తంలో కాల్చితే రూ.25,000 వసూలు చేయాలని ఆదేశించింది. ఈ మాట వారికి ముందే చెప్పి ఉంచండి.

ఏడో మెట్టు: ఆ ఉదయం

ఒక్కరే ఆజ్ఞలివ్వాలి, ఆ ఒక్కరు తట్ట పట్టుకోకూడదు. మొదట పటకార్లవారు గాజు, సూదులు, రేకులు తీయాలి, తర్వాత సంచుల చెత్త, ఆ తర్వాత అందరినీ దూరం పంపి జేసీబీతో ఇటుకముక్కలు ఎత్తించాలి. జేసీబీ తిరుగుతున్నప్పుడు ఇరవై అడుగుల లోపల ఎవరూ నిలబడకూడదు. గంటకోసారి పావుగంట విరామం, నీళ్లు, మజ్జిగ ఇవ్వండి.

పారిశుద్ధ్య కార్మికులు మీతో పాటు ఉంటే, వారిని పేరు కనుక్కుని అక్కా, అన్నా అని పిలవండి, ఇడ్లీలు వారికే ముందు పెట్టండి. ఏ బరువు ఎలా ఎత్తాలో వారికి తెలిసినంతగా మనకు తెలియదు, వారు చెప్పినట్టు నడుచుకోండి. ఆదివారం వారిని అదనంగా పిలిపించినట్టయితే, ఆ రోజుకు బదులు సెలవు ఇప్పించమని సూపర్‌వైజరును అడగడం మీ బాధ్యత.

నేల కనబడ్డాక సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లండి. బ్లీచింగ్ చల్లిన చోట బాత్రూము యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, రెండూ కలవనివ్వకండి.

ఎనిమిదో మెట్టు: తర్వాతి నలభై రోజులు

ఆ సాయంత్రానికే ఆ చోటు మారిపోయినట్టు కనిపించాలి. నిన్నటి వరకు చెత్త వేసిన మనిషి రాత్రి సంచి పట్టుకుని వచ్చేసరికి అక్కడ దీపం వెలుగుతూ, గోడకు సున్నం వేసి, రెండు పూలకుండీలో ఒక బెంచీయో ఉంటే చేయి ఆగుతుంది. రోజూ తెల్లవారుజామున ఆ వీధి ఇళ్లవారు వంతులవారీగా అక్కడ కళ్లాపి చల్లి ముగ్గు వేస్తే మరీ మంచిది. జీహెచ్‌ఎంసీ సిబ్బంది కూడా చాలాచోట్ల ఇదే చేస్తారు. గోడ మీద దేవుళ్ల బొమ్మల టైల్సు అతికించడం నాకు సమ్మతం కాదు. చెత్త మరో పది అడుగుల అవతలికి జరుగుతుందంతే, దేవుడి బొమ్మ ముందు చెత్త పడిందని కొత్త తగవులూ మొదలవుతాయి. అక్కడ పెద్ద చెత్తకుండీ పెట్టమని అడగడం కూడా పొరపాటే, కుండీ ఉన్న చోటే చెత్త వేయాలని ఊరంతా అనుకుంటుంది.

గమనించే రోజుల్లో వేసుకున్న వంతులనే మరో నలభై రోజులు కొనసాగించండి. మొదటి రెండు వారాల్లో సంచులు తప్పక పడతాయి, అందుకు నిరుత్సాహపడకండి. పడిన సంచిని ఉదయం ఏడులోపు తీసివేయాలి, ఎందుకంటే ఒక సంచిని చూసే రెండో సంచి వస్తుంది. వేస్తున్న మనిషి ఎదురుపడితే చెత్త ఆటో వేళ చెప్పి, సంచిని వారి చేతికే మర్యాదగా తిరిగి ఇవ్వండి. ట్రాక్టరు మళ్లీ వస్తే నంబరు, ఫోటో, తేదీతో అదే రోజు ఫిర్యాదు చేయండి, జరిమానా వేశారో లేదో వారం తర్వాత అడగండి.

ఎన్ని ఉత్తరాలు రాసినా కదలిక లేకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు ప్రజోపద్రవం (పబ్లిక్ న్యూసెన్స్) తొలగించమని దరఖాస్తు చేయవచ్చు. రత్లాం వాసులు గెలిచింది దీనికి ముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోని ఇదే సెక్షనుతో, అప్పుడది 133. ముద్ర వేయించుకున్న ఉత్తరాలు, నోటుపుస్తకం, తేదీలున్న ఫోటోలు అప్పుడు అక్కరకొస్తాయి.

మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి. జేసీబీ గోకిన చోట సాధారణంగా జానెడు లోతు గుంట మిగిలి, అందులో నీళ్లు నిలుస్తాయి. వారం దాటితే అందులో దోమలు ఎగిరే దశకు వస్తాయి, కాబట్టి అంతకుముందే ఒక ట్రాక్టరు మొరం తెప్పించి, నాలా వైపు వాలు ఉండేలా సర్దించండి. చెరువు పరిధిలోని స్థలమైతే మొరం పోయకుండా, నీళ్లు చెరువులోకే పోయేలా చిన్న కాలువ తీస్తే చాలు.